మాది పల్నాడే... పది ప్రశ్నలు అడగనా?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళా. కారెంపూడికి దగ్గర్లో మా నాయనమ్మ ఊరు. భోగి ముందురోజు రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది, దాంతోపాటు వైఫై కూడా పోయింది. ఫోన్లలో చార్జింగ్ అంతంత మాత్రం. చేసేదేం లేక పిల్లలం, పెద్దలం అంతా అరుగు మీద చేరాం.

ఇంజినీరింగ్ ఫస్టియర్ చదువుతున్న మా చిన్నాన్న కొడుకు మెల్లగా నా పక్కన చేరి అడిగాడు. "అన్నా, ఆఫీసులో నీదే ఊరంటే ఏం చెప్తావ్?"

"గుంటూరు."

"నేనూ అంతే. హాస్టల్లో మొదటిరోజు పల్నాడన్నా. బ్యాగులో బాంబులేమన్నా ఉన్నాయా అని గదంతా నవ్వారు. రెండోరోజు నుంచి గుంటూరైపోయా."

నాకు నవ్వు రాలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో టీమ్ లంచ్‌లో నాకూ ఇదే జోకు పడింది. అప్పుడు నవ్వేసి ఊరుకున్నా. ఆ తర్వాత ఆరేళ్ళుగా ఎవరడిగినా గుంటూరే. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లా మారింది, నా జవాబు మాత్రం మారలేదు.

ఆ జోకు పూర్తిగా అబద్ధమని వాదించలేను. ఎన్నికలొస్తే టీవీలో మా ఊళ్ళ పేర్లు ఎందుకొస్తాయో మాకూ తెలుసు. కానీ ఒక ఊరి గురించి లోకానికి తెలిసింది ఒకే ఒక్క సంగతైతే, తప్పు లోకానిదేనా? మిగతావి చెప్పాల్సింది మనమే కదా. మరి మనకు తెలుసా?

శుక్రవారం సాయంత్రాలు ఆఫీసులో క్విజ్ పెట్టేది నేనే. అందుకే తమ్ముడితో అన్నా, "సరే, పది ప్రశ్నలడుగుతా. సాహిత్యం, భాష, తిండి, భూగోళం, సైన్స్, ఏదైనా రావచ్చు. ఒక్కటే రూలు, ప్రతి ప్రశ్నా పల్నాడులో మొదలవ్వాలి." అప్పటికప్పుడు గుర్తొచ్చినవి అడిగాను. వివరాలు తర్వాత సరిచూసుకుని ఇక్కడ రాస్తున్నా. మీరూ మార్కులు వేసుకోండి.

1. అమరావతి స్తూపం ఏ జిల్లాలో ఉంది?

"గుంటూరు" అని ముగ్గురు ఒకేసారి అరిచారు. తప్పు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అమరావతి మండలం పల్నాడులోకి వచ్చింది. రాజధాని కోసం అనుకున్న తుళ్ళూరు వైపు గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. పేరు ఒకటే కావడంతో చాలామంది ఇక్కడ పప్పులో కాలేస్తారు.

దీనికి బోనస్ కూడా ఉంది. తొలి తెలుగు పదంగా చాలాకాలంగా చెప్పుకునే 'నాగబు' దొరికింది ఆ స్తూపం రాతి మీదే. అది తెలుగు మాటని గుర్తించినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి. ఇక అక్కడి శిల్పాలు చూడాలంటే అమరావతి ఒక్కటే వెళ్తే చాలదు. చెన్నై మ్యూజియంకూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకూ కూడా వెళ్ళాలి.

2. వీటిలో పల్నాటి బాలచంద్రుడు తిని ఉండగలిగేది ఏది? మిరపకాయ, టమాటా, వేరుశెనగ, జొన్న

బాలచంద్రుడు మిరపకాయ తినకుండా ఉంటాడా అని అత్త కూతురు పందెం కట్టింది. ఓడిపోయింది. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం నాటిది. మిరప, టమాటా, వేరుశెనగ మూడూ అమెరికా ఖండాల పంటలు. కొలంబస్ ఆ ఒడ్డు చేరింది 1492లో. పోర్చుగీసు ఓడల్లో మిరప మన దేశానికి వచ్చింది ఆ తర్వాతే. అంటే బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, ఎవరూ ఎండుమిరప కారం రుచి ఎరగరు. వాళ్ళకు ఘాటంటే మిరియాలే. మిరప అనే పేరులో కూడా ఆ మిరియమే దాక్కుని ఉంది.

జవాబు జొన్న. అదీ పుట్టుకతో మనది కాదు, ఆఫ్రికాది. కాకపోతే వేల ఏళ్ళ కిందటే వచ్చి మనదైపోయింది.

"మరి పౌరుషం కారం వల్ల వచ్చిందంటారే?" అన్నాడు తమ్ముడు. కాదని తేలింది కదా.

3. కారం నషాళానికంటితే నీళ్ళు తాగాలా, మజ్జిగ తాగాలా?

ఇది అందరికీ వచ్చు, మజ్జిగ. ఎందుకో మాత్రం ఎవరికీ రాలేదు. మిరపలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. అది నీళ్ళలో సరిగా కరగదు. అందుకే నీళ్ళు తాగితే మంట నోరంతా పాకుతుంది. పాలు, పెరుగులో ఉండే కేసిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టి లాగేస్తుంది.

అసలు కారం రుచే కాదు, అది నొప్పి. మన నరాల్లో 43 డిగ్రీలకు పైబడిన వేడిని పసిగట్టే సెన్సర్ ఒకటుంది. క్యాప్సైసిన్ దాన్ని మోసం చేస్తుంది. నోరు కాలిపోతోందని మెదడుకు తప్పుడు అలర్ట్ వెళ్తుంది. ఈ సెన్సర్‌ను కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పక్షుల్లో ఆ సెన్సర్‌కు క్యాప్సైసిన్ పట్టదు. అందుకే చిలక పచ్చిమిరపకాయను బిస్కెట్‌లా నమిలేస్తుంది. మిరప తినే చాలా పక్షులు గింజల్ని దూరంగా విసర్జిస్తాయి. ఇందులో మొక్కకూ లాభమే.

4. పల్నాటి తిండినీ, నీళ్ళనీ వెక్కిరించిన మహాకవి ఎవరు?

శ్రీనాథుడు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా సన్నబియ్యానికి అలవాటుపడ్డ మనిషి. పల్నాటికొచ్చి జొన్నకూడు, నాగులేటి నీళ్ళు, ఎటు చూసినా రాళ్ళు చూసి బెంబేలెత్తిపోయాడని ఆయన పేరుమీద చెప్పుకునే చాటుపద్యాలను బట్టి తెలుస్తుంది. అంటే మా ప్రాంతానికి పడ్డ తొలి వన్ స్టార్ రివ్యూ అన్నమాట.

కానీ 'పల్నాటి వీరచరిత్ర'ను ద్విపదలో రాసింది ఆయనేనని ప్రసిద్ధి. కూడు నచ్చలేదు గానీ కథ నచ్చిందేమో. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని పరిష్కరించి 1911లో అచ్చువేశారు. మరో తమాషా ఏంటంటే, ఆయన గొప్పగా బతికిన కొండవీడు కూడా ఇవాళ పల్నాడు జిల్లాలోనే ఉంది.

జొన్నకూడు సంగతి రాగానే నాయనమ్మ కల్పించుకుంది. "ఆయనకేం తెలుసురా. పొద్దున్నే జొన్నన్నంలో మజ్జిగ పోసుకుని తింటే మిట్టమధ్యాహ్నం దాకా ఆకలి గుర్తురాదు. ఇప్పుడు దాన్నే మీరు పాకెట్లలో కొనుక్కుంటన్నారు."

5. కోడిపుంజు తెల్లారిందని చూసి కూస్తుందా, చూడకుండానే కూస్తుందా?

పల్నాటి కథ మలుపు తిరిగింది కోడిపందెం దగ్గరే కాబట్టి ఈ ప్రశ్న. నాగమ్మ పుంజు సివంగి, బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి వెళ్ళాలి. బ్రహ్మనాయుడి వర్గం ఓడి మాచర్ల వదిలింది.

జవాబు, చూడకుండానే. జపాన్ శాస్త్రవేత్తలు పుంజుల్ని రాత్రీపగలూ తేడా లేకుండా ఒకే మసక వెలుతురులో ఉంచి చూశారు. అయినా అవి తెల్లవారే వేళకే కూశాయి. గడియారం వాటి ఒంట్లోనే ఉంది. 2013లో ఈ సంగతి ప్రచురించారు. రెండేళ్ళ తర్వాత మరోటి తేల్చారు. గుంపులో అన్నిటికంటే పెత్తనం ఉన్న పుంజు ముందు కూస్తుంది, మిగతావి వరుసగా దాని వెనకే కూస్తాయి.

"మన ఊళ్ళో మీటింగుల్లాగానే" అన్నాడు చిన్నాన్న చీకట్లోంచి.

6. పిడుగురాళ్ళ బట్టీలో 100 కిలోల సున్నపురాయి కాలిస్తే ఎన్ని కిలోల సున్నం వస్తుంది?

రాయి స్వచ్ఛమైనదైతే 56 కిలోలు. మిగతా 44 కిలోలు ఏమైనట్టు? కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతాయి. సుమారు 900 డిగ్రీల వేడిలో రాయి తన బరువులో దాదాపు సగం వదిలేస్తుంది. సిమెంట్ ఫ్యాక్టరీల్లో కూడా ఇదే జరుగుతుంది. అందుకే వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళంతా సిమెంట్ పేరెత్తుతారు. అదే సున్నాన్ని తడిపి గోడకు కొడితే, గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది. మా నాయనమ్మ ఇంటి పాత గోడ అలా ఏళ్ళ తరబడి గట్టిపడిందే.

ఇంకో సంగతి. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ వైపున్న ఈ సున్నపురాయంతా ఒకప్పటి సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. దాని వయసు 50 కోట్ల ఏళ్ళకు పైమాటే. ఆ మాటకు అందరం ఒక్కసారి మేం కూర్చున్న అరుగు మీది నాపరాయి వైపు చూశాం. సముద్రం చూడాలని బాపట్ల దాకా వెళ్తాం గానీ, అంతకంటే పాత సముద్రం మీద రోజూ చెప్పులు విడుస్తున్నాం.

7. నీళ్ళు రాకముందే కొండెక్కిన రాజధాని ఏది?

విజయపురి. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. డ్యామ్ కడితే ఆ లోయ మొత్తం మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. దొరికిన కట్టడాల్లో కొన్నిటిని రాయి రాయిగా విప్పి నాగార్జునకొండ మీదికీ, ఒడ్డునున్న అనుపుకూ తరలించి మళ్ళీ కట్టారు. ఆ కొండ ఇప్పుడు దీవి. మాచర్ల నుంచి విజయపురి సౌత్‌కు వెళ్ళి లాంచీ ఎక్కాలి. నేను గోవా రెండుసార్లు వెళ్ళా, అనుపు ఒక్కసారీ చూడలేదు. ఆ రాత్రి అది ఒప్పుకోవాల్సొచ్చింది.

1967లో సాగర్ కాలువలకు నీళ్ళొదిలారు. పల్నాటి వైపు వచ్చే కుడికాలువ పొడవు 203 కిలోమీటర్లు. "నేను కాపరానికొచ్చిన రెండేళ్ళకి కాలవొచ్చింది. అప్పటిదాకా తెల్లన్నం అంటే పండగే" అంది నాయనమ్మ.

8. గుడ్డులో ఉన్నది మగ మొసలో, ఆడ మొసలో తేల్చేది ఏది?

మాచర్ల దగ్గర ఎత్తిపోతల జలపాతం చూసుంటారు. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. అక్కడ మొసళ్ళ పెంపక కేంద్రం ఉంది కాబట్టి ఈ ప్రశ్న. మనుషుల్లోలా క్రోమోజోములు కాదు, గూటి వేడి. గుడ్లు పొదిగే రోజుల్లో ఇసుక ఎంత వేడిగా ఉందన్నదాన్ని బట్టి ఆడా మగా తేలుతుంది. ఎండలు పెరిగితే మొసళ్ళ జనాభా లెక్క కూడా మారుతుందన్నమాట.

9. గడ్డి మీద వేసిన పన్నుకూ, 'మాలపల్లి' నవలకూ ఏంటి సంబంధం?

ఇక్కడ అందరూ చేతులెత్తేశారు. అడవిలో పశువులు మేపుకుంటే బ్రిటిష్ సర్కారు వసూలు చేసిన పన్ను పుల్లరి. 'అరి' అంటే పాత తెలుగులో పన్ను. గాంధీజీ సహాయ నిరాకరణ రోజుల్లో పల్నాటి రైతులు మేం కట్టమన్నారు. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు ముందు నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యాడు.

ఆ ఉద్యమ రోజుల్లోనే పల్నాటికి వచ్చి, అరెస్టయి జైలుకెళ్ళినాయన ఉన్నవ లక్ష్మీనారాయణ. జైల్లో కూర్చుని ఆయన రాసిన నవలే 'మాలపల్లి'. దాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా. పోటీపరీక్షల్లో "మాలపల్లి రచయిత ఎవరు" అని ఒక మార్కుకు అడుగుతారు. దాని వెనక మా ఊళ్ళ గేదెలు మేసిన గడ్డి ఉందని ఏ గైడులోనూ నాకు కనబడలేదు.

10. గుడిలోకి మనిషిని రానివ్వకపోతే, దేవుడి దగ్గరికి రాయబారిగా వెళ్ళిన జీవి ఏది?

గబ్బిలం. 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా రాసిన కావ్యం, 1941లో వచ్చింది. కాళిదాసు మేఘాన్ని పంపాడు. జాషువా కావ్యంలో గుడి గడప తొక్కనివ్వని ఒక దళితుడు తన బాధను కాశీ విశ్వనాథుడికి చేర్చమని గబ్బిలాన్ని అడుగుతాడు. ఎందుకంటే గబ్బిలం గర్భగుడిలో వేలాడినా దాని కులం ఎవరూ అడగరు. 1970లో జాషువాకు పద్మభూషణ్ వచ్చింది.

సైన్స్ కూడా చెప్పేస్తా. నిజంగా ఎగరగల క్షీరదం గబ్బిలం ఒక్కటే. క్షీరద జాతుల్లో దాదాపు ఐదోవంతు గబ్బిలాలే. గబ్బిలాలకు కళ్ళు కనపడవనేది వట్టిమాట.

పదికి తమ్ముడికి మూడు, అత్త కూతురికి నాలుగు. బుర్కినాఫాసో రాజధాని టక్కున చెప్పే బుడ్డోడికి ఒక్కటి. అది కూడా మజ్జిగ.

పదకొండో ప్రశ్న నాది కాదు

"అయిపోయినయ్యా నీయి? నేనొకటి అడుగుతా" అంది నాయనమ్మ. "చాపకూడు అంటే ఏంది?"

ఇది నాకు తెలుసు. గర్వంగా చెప్పా. "బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన సహపంక్తి భోజనం. దళితుడైన కన్నమదాసును సేనాపతిని చేశాడు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదురోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. అందులో మందపోరు నాడు చాపకూడు పెడతారు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ ఇక్కడి గాయకుల నోట ఈ కథంతా రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు."

నాయనమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది.

"అది కథలో. మనింట్లో కూలికొచ్చినోళ్ళకి గిన్నెలు వేరేగా ఉండేయి. గొడ్లసావిడి చూరులో పెట్టేవోళ్ళం. ఆళ్ళు తిని, కడిగి, మళ్ళీ ఆడే పెట్టి పోయేవోళ్ళు. నేనే పెట్టేదాన్ని. కారెంపూడి తిరణాలకి పోయి చాపకూడు తిని దణ్ణం పెట్టుకుని వచ్చేదాన్ని. ఇంటికొచ్చి మళ్ళా ఆ గిన్నెల్లోనే పెట్టేదాన్ని. అప్పుడు నాకేం తప్పనిపించలా. ఇప్పుడు అనిపిస్తది. రాసుకో ఇది కూడా."

ఎవరూ మాట్లాడలేదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి సంగతి క్విజ్ ప్రశ్నగా నేను గడగడా చెప్పా. మా ఇంటి చూరులో గిన్నెల సంగతి మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాక, కరెంటు పోతే తెలిసింది. ఇందాక జాషువా గబ్బిలం గురించి చెబుతూ అదేదో వినుకొండ కథ అనుకున్నా. ఆ గబ్బిలం మా గొడ్లసావిడి చూరు మీద నుంచి కూడా ఎగిరిందని అప్పుడు అర్థమైంది.

ఇంతలో కరెంటొచ్చింది. ఈసారి ఎవరూ వెంటనే ఫోన్ తీయలేదు.

తర్వాత ఏమైంది?

కనుమ మర్నాడు బస్సెక్కేటప్పుడు తమ్ముడు ఆ పది ప్రశ్నలూ వాట్సాప్‌లో పెట్టమన్నాడు. పెట్టా. వారం తర్వాత వాడి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అన్నా, కొత్త రూమ్మేట్ వచ్చాడు. ఏ ఊరంటే పల్నాడన్నా. అనుకున్నట్టే బాంబుల జోకేశాడు. అది సరేగానీ బాలచంద్రుడు మిరపకాయ తిన్నాడా లేదా చెప్పమన్నా. అరగంట కొట్టుకున్నారు అన్నా మావాళ్ళు. చివరికి వాడే, మీ ఊరికి ఎప్పుడు తీసుకెళ్తావ్ అన్నాడు."

నేను కూడా ఆఫీసులో చెప్పేశా. శుక్రవారం క్విజ్ మొదలుపెడుతూ, "మాది పల్నాడు. మీకు తెలిసిన ఒక్క సంగతి ఎలాగూ తెలుసు. ఇవి మిగతా పది" అన్నా. పదకొండోది అడగడానికి కాస్త భయపడ్డా. కానీ అడిగా. నాయనమ్మ రాసుకోమంది కదా.

మరి మీకెన్ని వచ్చాయి? తక్కువొస్తే పర్లేదు, ఇవి మా ఊరి ప్రశ్నలు. మీ ఊరివి మీ దగ్గరే ఉన్నాయి. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని పది రాసుకోండి. పదకొండోది వాళ్ళనే అడగమనండి.